కుంచంతో దిగినవాళ్లు

నాలుగు నెలల క్రితం నేను రాసుకుంటున్న ఒక వైజ్ఞానిక కథ చిత్తుప్రతిని మా బడిలో లెక్కలు చెప్పే మిత్రునికి చదవమని ఇచ్చాను. ఆయన సవర ఆదివాసి. ఇంట్లో సవరల భాష సోర, బడిలో ఒడియా, సంతలో తెలుగు మాట్లాడుతూ పెరిగినవారు. తెలుగు అచ్చును నిదానంగానే అయినా అక్షరం వదలకుండా చదువుతారు. వారం తిరిగాక కాగితాల కట్టను నా బల్లమీద పెట్టి, కథ బాగుందనీ అనలేదు, బాగులేదనీ అనలేదు. "మాస్టారూ, మీ గ్రహంలో చచ్చిపోయినవాళ్లు ఎక్కడుంటారు?" అని మాత్రం అడిగారు. శ్మశానం సంగతి అడుగుతున్నారనుకొని, నౌకలోనే విద్యుత్ దహనవాటిక ఉంటుందనీ, మూడో అధ్యాయంలో ఆ మాట రాశాననీ గంభీరంగా జవాబిచ్చాను. ఆయన నవ్వి, సుద్దముక్క తీసుకొని తొమ్మిదో తరగతికి వెళ్లిపోయారు.

ఆ ప్రశ్న అసలు దేని గురించో తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది. తెలిసినంతమేరకు ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. పరాయి పాలన చవిచూసిన దేశాలవారు రాసే సైన్స్ ఫిక్షన్‌లో నేలకూ, మనిషి తనను తాను ఎవరనుకుంటాడన్నదానికీ ఉన్న ముడి ఏమిటన్న విషయం మీద విశ్వవిద్యాలయాల్లో చాలా చర్చ జరుగుతున్నది. ఆ చర్చలో పాల్గొనేంత చదువు నాకు లేదు. అయితే ఒడిశాలోని గజపతి జిల్లాలో, పర్లాకిమిడిలో, సైకిలు తొక్కుకుంటూ పాతపట్నం వెళ్లి రాగలిగినంత దగ్గరలో ఆంధ్ర సరిహద్దు పెట్టుకొని, ఇంట్లో తెలుగు, ఉద్యోగంలో ఒడియా మాట్లాడుతూ యాభై ఏళ్లు గడిపినవాడికి ఈ విషయం మీద చెప్పుకోదగినది ఏదో ఒకటి ఉండకపోదు.

మొదటి చిత్తుప్రతిలోని నా గ్రహం ఎలా ఉండేదో చెబితే నాకే సిగ్గుగా ఉంటుంది. ఎర్రని ఇసుక, గాజు గోపురాలు, ఆకాశంలో రెండు చందమామలు. చెట్టు లేదు, ఏరు లేదు, ఒక్క సంత కూడా లేదు. మహేంద్రతనయ నీళ్లు తాగి పెరిగిన నేను నీటి చుక్క లేని లోకాన్ని ఎందుకు ఊహించాను? చదివిన పుస్తకాల నుంచి, చూసిన సినిమాల నుంచి ఆ దృశ్యం సొంత ఊహలాగా నాలో చేరిపోయింది. అక్కడ నేల ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. వచ్చినవాడు చూసేదాకా దానికి పేరుండదు, వాడు కొలిచేదాకా దానికి ఎల్లలుండవు. ఆఫ్రికా, ఆస్ట్రేలియా పటాల్లో ఖాళీగా వదిలిన చోట్లు నిండిపోయిన తరువాత, ఆ ఖాళీ పైకెగిరి అంగారకుడి మీద వాలిందేమోనని నాకు అనిపిస్తుంది. హెచ్.జి. వెల్స్ మాత్రం ఈ సంగతిని మొదట్లోనే గుర్తించాడు. అంగారకవాసులు ఇంగ్లండు మీద దండెత్తిన కథను 1898లో పుస్తకంగా వెలువరిస్తూ, మొదటి అధ్యాయంలోనే టాస్మేనియా ఆదివాసులను యూరోపియన్లు తుడిచిపెట్టిన ఉదంతాన్ని గుర్తు చేసి, మనమే అంత దయగలవాళ్లమా అని పాఠకులను నిలదీశాడు. ఆ పుస్తకంలోని యుద్ధయంత్రాలను తరువాతివాళ్లు వందలసార్లు అనుకరించారు గానీ, ఆ ప్రశ్నను అందుకున్నవారు తక్కువ.

అందుకున్నవాళ్లు, ఓడలోంచి కాక ఒడ్డు మీది నుంచి చూసినవాళ్ల వారసులు. నాలో హాప్కిన్‌సన్, ఉప్పిందర్ మెహన్ కలిసి 2004లో తెచ్చిన 'సో లాంగ్ బీన్ డ్రీమింగ్' సంకలనం అటువంటి కథలకే పెట్టింది పేరు. కొత్త లోకానికి వెళ్లి అక్కడివాళ్లను లొంగదీసుకోవడం కొందరికి సాహసకథ అయితే, మరికొందరికి అది ఇంటి చరిత్ర అన్న ఎరుక ఆ పుస్తకం పొడవునా ఉంటుంది. నన్ను ఇంకా ఎక్కువగా పట్టుకున్నది నైజీరియా మూలాలున్న అమెరికన్ రచయిత్రి ఎన్నెడి ఒకొరాఫోర్ 2015లో ప్రచురించిన 'బింటి'. అందులో కథానాయిక హింబా పిల్ల. నమీబియాలోని హింబా స్త్రీలు ఎర్రమట్టిని కొవ్వుతో కలిపి ఒంటికీ జుట్టుకూ రాసుకుంటారు. ఈ పిల్ల ఆ పూతతోనే అంతరిక్ష నౌక ఎక్కి వేరే గ్రహంలోని విశ్వవిద్యాలయానికి బయలుదేరుతుంది. దారిలో తెచ్చుకున్న మట్టి అయిపోవస్తుంది. దిగిన తరువాత ఆ గ్రహపు మట్టినే తవ్వి తన పద్ధతిలో కలిపి, ఇది పనిచేస్తుందా, ఇది రాసుకుంటే నేను ఇంకా నేనేనా అని భయపడుతూ రాసుకుంటుంది. పనిచేస్తుంది. ఇంటి దగ్గరి నేలను వెంట తీసుకుపోవచ్చుననీ, అది అయిపోయినప్పుడు పరాయి నేలను కూడా మన చేత్తో కలుపుకోవచ్చుననీ చెప్పడానికి ఆమెకు ఒక్క మట్టి డబ్బా చాలింది. నా గాజు గోపురాలను కొట్టివేసిన రోజు అదే.

రెండో చిత్తుప్రతిలో గ్రహాన్ని మా ఊరికి తెచ్చాను. కొండలు, కొండ దిగువ ఏరు, ఏటి గట్టున పట్నం. నౌకలో దిగినవాళ్లు దొరలు, కొండ కింద ఉన్నవాళ్లు మేము. వాళ్లు ఒకనాడు బల్లమీద పటం పరచి గీత గీస్తారు. మర్నాడు నిద్రలేచేసరికి మేము మా ఇళ్లలోనే పరాయివాళ్లమైపోతాము. ఈ దృశ్యాన్ని నేను కష్టపడి ఊహించనక్కరలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి, పర్లాకిమిడి అందులో చేరినప్పటి కథ ఇక్కడి తెలుగు ఇళ్లలో తద్దినం రోజు భోజనాల దగ్గర ఇప్పటికీ నడుస్తుంది. ఈ ఊళ్లో దశాబ్దాలపాటు ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ విలీనాన్ని గట్టిగా వ్యతిరేకించి, రాష్ట్రం ఏర్పడుతున్నదనగా ఇల్లు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆ నిష్క్రమణను మా పెద్దలు శ్రీరాముడి వనవాసంలాగా చెప్పేవారు. పిల్లలకు తెలుగు పాఠ్యపుస్తకం దొరకనప్పుడల్లా, దుకాణం పలక మీద తెలుగు అక్షరాలు చెరిగిపోయినప్పుడల్లా ఆ వనవాసం మళ్లీ మొదలవుతుంది. కాబట్టి ఆ చిత్తుప్రతి నా చేతిలో పరుగెత్తింది. బాధితుడిగా ఉండటంలో రచయితకు ఎంత సౌఖ్యం ఉందో అప్పుడు తెలిసింది. మిత్రునికి ఇచ్చినది ఆ ప్రతినే.

ఆయన అడిగినదానికి వద్దాము. సవరల పాత నమ్మకంలో చనిపోయినవారు ఎక్కడికో పైలోకానికి పోయి ఊరుకోరు. సోనుమ్‌లుగా మారి ఇక్కడే, ఈ నేలలోనే ఉంటారు. ఎలా చనిపోయారన్నదాన్ని బట్టి కొందరు సూర్యునిలో, కొందరు చిరుతపులిలో, కొందరు ఫలానా రాతి దగ్గర, ఫలానా వాగు మలుపులో ఉంటారు. పూనకంలో ఉన్న మధ్యవర్తి నోట బతికినవాళ్లతో మాట్లాడతారు, తగవులాడతారు, ఏడుస్తారు, అడిగినది పెట్టించుకుంటారు. 1970ల నుంచి ఈ కొండల్లో ఉండి ఈ సంభాషణలను వివరంగా నమోదు చేసిన మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ, తరువాతి తరంవారు బాప్టిస్టు క్రైస్తవంలోకి మారిన కొద్దీ ఆ మాటలు ఎలా ఆగిపోయాయో కూడా రాశారు. మా మిత్రుని తండ్రిగారి కాలంలోనే వాళ్లింట్లో ఆ మార్పు జరిగింది. ఆయన ఆదివారం ప్రార్థనకు వెళ్లే మనిషి. "నాకు ఆ నమ్మకం లేదు మాస్టారూ. మా నాయనమ్మ ఉంటే ఇదే అడిగేది. ఆ వాగు దాటేటప్పుడు ఇప్పటికీ నా కాలు కొంచెం నెమ్మదిస్తుంది" అని తరువాత ఎప్పుడో అన్నారు. నమ్మకం పోయిన తరువాత కూడా కాలికి తెలిసే నేల ఒకటి ఉంటుందన్నమాట. నా గ్రహంలో కొండ ఎత్తు రాశాను, ఏటి వెడల్పు రాశాను, గాలిలో ప్రాణవాయువు ఎంతో కూడా రాశాను. కాలు నెమ్మదించే చోటు ఒక్కటీ లేదు. ఇవన్నీ కొలిచి రాసుకున్నది నౌకలో దిగినవాడు. వాడు దొర కాదు, నేనే.

మా ఇంట్లో గింజలు కొలిచే కుంచాలు రెండుండేవి. మా ముత్తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కొండ దిగువ సంతల్లో కందులు, పసుపు, చింతపండు కొని, ఉప్పూ ఎండుచేపలూ బట్టలూ అమ్మిన మనిషి. ఇత్తడి కట్లు వేసిన ఆ చెక్క కుంచాలు పైకి కవలల్లా ఉండేవి. చిన్నప్పుడు వాటిలో చింతపిక్కలు పోసి ఆడుకుంటూ, ఒకదానిలో నాలుగైదు గుప్పిళ్లు ఎక్కువ పడుతున్నాయని కనిపెట్టి అమ్మకు గొప్పగా చెప్పాను. "పెద్దది కొనడానికి, చిన్నది అమ్మడానికి. వెళ్లి చదువుకో" అంది అమ్మ, చేట మీది నుంచి తల ఎత్తకుండా. ఇక్కడి తెలుగువాళ్లం మా కథను 1936తో మొదలుపెడతాము. కొండ మీదివాళ్లు కథ చెబితే అది కుంచంతో మొదలవుతుంది. అందులో ఇంగ్లీషు దొర ఎప్పుడో ఒకసారి గుర్రం మీద వచ్చి వెళ్లే మనిషి. వారం వారం సంతలో ఎదురుపడేవాడు షావుకారు, పన్ను రాసుకునేవాడు మైదానం నుంచి వచ్చిన గుమాస్తా, అతని భాష తెలుగో ఒడియానో.

పాలకులనూ పాలితులనూ రెండు గట్ల మీద నిలబెట్టే సైన్స్ ఫిక్షన్ మా వంటి సరిహద్దు జిల్లాలకు చాలదని నేను అనుకునేది ఇందుకే. గట్లు రెండే అయితే ఎటు నిలబడాలో తేలిక. మూడో గట్టు మీద ఉన్నవాడు ఒక ఓడ చేత ఓడిపోయి, మరో చోట తానే ఓడై దిగినవాడు. అతని ఫిర్యాదు అబద్ధం కాదు, అతని కుంచం కూడా అబద్ధం కాదు. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని దాచితే కథ తప్పుడు తూకమే అవుతుంది.

కొలిచేవాడి చూపు ఇంగ్లీషువాళ్లతో మొదలైందని చెప్పుకోవడం కూడా ఒక సౌఖ్యమే. మా జిల్లాలోని మహేంద్రగిరి 1,501 మీటర్ల కొండ. సంస్కృత కావ్యంలో అది ఎలా కనిపిస్తుంది? రఘువంశం నాలుగో సర్గలో రఘువు దిగ్విజయ యాత్రలో కళింగం మీదికి వెళ్తూ తన ప్రతాపాన్ని ఆ శిఖరం మీద నాటుతాడు. ఏనుగు కుంభస్థలం మీద మావటివాడు అంకుశం నాటినట్టు, అంటాడు కాళిదాసు. కొండ ఏనుగైతే దాని మీద కూర్చున్నవాడి వైపు నుంచి రాసిన పద్యమది. తరువాత రాజేంద్ర చోళుని విజయ శాసనాలూ అక్కడికి ఎక్కాయి. పరశురాముడు అక్కడే తపస్సు చేస్తున్నాడని మేము శివరాత్రికి ఎక్కుతాము. ఆ కొండవాలులో తరతరాలుగా పోడు కొట్టుకొని బతికినవాళ్లు ఈ పద్యాల్లోనూ శాసనాల్లోనూ ఎక్కడున్నారు? ఒక పాఠకుడు నన్ను ఆపి, కాళిదాసును వలసవాది అంటున్నావా అని అడగవచ్చు. అనడం లేదు, పద్యం అందంగానే ఉంది, అంకుశం గుచ్చుకుంటున్నదని మాత్రం అంటున్నాను.

మరి వాళ్లు తమ వైపు నుంచి ఏమీ రాయలేదా? రాశారు, గోడ మీద. సవర ఇళ్లలో ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో వేసే ఇడితాల్ చిత్రాలను ఇప్పుడు నగరాల్లో చీరల అంచుల మీద కూడా వేస్తున్నారు, అలంకారమని అనుకుంటారు. అసలు అది ఒక సోనుమ్‌కు గోడ మీద కట్టి ఇచ్చే ఇల్లు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1950లలో ప్రచురించిన పుస్తకాల్లో ఈ చిత్రాలను చూస్తే, కోతులూ నెమళ్లూ తాటిచెట్ల పక్కనే సైకిళ్లు, తుపాకులు పట్టిన బంట్రోతులు, రైలు, విమానం కనిపిస్తాయి. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వచ్చింది, రెండున్నర అడుగుల పట్టాల మీద; 1931 నాటికి గుణుపురం దాకా వెళ్లింది. మాకు అది దొరల విద్య, రాజావారి వైభవం. కొండ మీది చిత్రకారుడు ఆ రైలును పట్టుకుపోయి చనిపోయినవాళ్లకు వాహనంగా ఇచ్చాడు. పాలకుడి యంత్రాన్ని తన పితరుల భూగోళంలోకి లాక్కొని, అక్కడ దానికి కొత్త పని అప్పగించడం! ఒకొరాఫోర్ కథానాయిక పరగ్రహపు మట్టిని కలుపుకున్నట్టే ఉంది నాకు. మా ప్రాంతపు మొదటి సైన్స్ ఫిక్షన్ ఏదని ఎవరైనా అడిగితే నేను ఏ పుస్తకం పేరూ చెప్పను, బియ్యప్పిండి విమానాన్ని చూపిస్తాను.

1936 దగ్గరకు మళ్లీ ఒకసారి వెళ్లాలి, ఎందుకంటే ఆ ఏడాది మా ఇళ్లలో చెప్పుకోనిది ఇంకొకటి జరిగింది. గిడుగువారు సవర భాషకు చేసిన సేవ చిన్నది కాదు. సవరలను చిన్నచూపు చూసే కాలంలో ఆ భాష నేర్చి, పిల్లలకు వాచకాలు రాసి, 1931లో వ్యాకరణం, ఆ తరువాత నిఘంటువు అచ్చువేయించారు. సోరలో గొంతు దగ్గర ఆగి మింగినట్టు పలికే శబ్దాలున్నాయి. తెలుగు అక్షరాల్లో వాటికి చోటు లేదు. ఆయన ప్రేమతోనే కొలిచారు. కొలిచిన పాత్ర మాత్రం మైదానం నుంచి తెచ్చినదే. ఆయన ఊరు విడిచిన ఆ 1936లోనే, గుణుపురం వైపు మాంగేయి గొమాంగో సోర భాషకు సొంత లిపిని, సోరాంగ్ సొంపెంగ్‌ను, ప్రకటించారు. అది అక్షరబ్రహ్మగా దర్శనమిచ్చిన లిపి అని ఆయన అనుయాయులు పూజిస్తారు. 2012లో అది యూనికోడ్‌లో చేరింది కనుక, ఇప్పుడు ఫోనులో కూడా ఉండగలదు. ఒకే ఏడాదిలో ఒక భాషవాళ్లకు తమ నేల చేజారిపోయిన దుఃఖం, ఇంకొక భాషవాళ్లకు తమ అక్షరం దొరికిన పండుగ. మా తద్దినం భోజనాల కథలో ఈ రెండో సగం ఇన్నేళ్లూ లేదు. నాకు కూడా మిత్రుడు చెప్పేదాకా తెలియదు.

నేల ఒకటే అయి, దాని మీద రెండు లోకాలు నడవడం చూడాలంటే కల్పన అక్కరలేదు, కొరాపుట్ జిల్లా సరిహద్దులోని కొటియాకు వెళ్తే చాలు. ఆ 21 గ్రామాలు తమవేనని ఒడిశా అంటుంది, ఆంధ్రప్రదేశ్ అంటుంది. 1968లో సుప్రీంకోర్టుకు ఎక్కిన వ్యాజ్యం 2006లో ఎవరి సరిహద్దూ తేల్చకుండానే ముగిసింది. అక్కడి కొందు ఆదివాసి కుటుంబాల్లో రెండు రాష్ట్రాల రేషను కార్డులు, ఓటరు కార్డులు ఉన్నవారున్నారు. ఇటు ఎన్నికలకు ఇటు, అటు ఎన్నికలకు అటు ఓటు వేసినవారున్నారు. ఒడిశా రికార్డులో గంజెయిపదర్ అయిన ఊరు ఆంధ్ర కాగితాల్లో గంజాయిభద్ర. నగరాల్లో కూర్చొని ఈ వార్త చదివినవాళ్లు ఆ ప్రజలకు తామెవరో తెలియని అయోమయం అని జాలిపడతారు. నాకు అయోమయం కనిపించలేదు. తమ కొండ ఏదో, ఏ చెట్టు కింద ఏ పూజ చేయాలో వాళ్లకు స్పష్టంగా తెలుసు. వచ్చిపోయే రెండు ప్రభుత్వాలనూ వానా ఎండా లాగా వాడుకుంటున్నారు. తానెవరో తెలుసుకోవడానికి సరిహద్దు రాయి కావలసివస్తున్నది మా వంటివాళ్లకే.

ఇప్పుడు మూడో చిత్తుప్రతి రాస్తున్నాను. ఇందులో కథ చెప్పేవాడు రెండో నౌకలో వచ్చిన కొలతగాడి మనవడు. తాతను ఏదో గ్రహం నుంచి ఎవరో వెళ్లగొట్టారు; ఇక్కడికి వచ్చి కొండను గొలుసుతో కొలవడం మొదలుపెట్టాడు. కొలత ఎప్పుడూ ఒకలాగా రాదు. ఏటి నుంచి మొదటి రాతికి ఉన్న దూరం, ఊళ్లో ఎవరైనా చనిపోయిన మర్నాడు, ఒక మనిషి పడుకునేంత మేర పెరిగి ఉంటుంది. నౌకవాళ్లు దాన్ని పరికరం లోపమని దస్త్రంలో రాసి, ప్రతిసారీ సరిచేసి, నున్నని పటం తయారుచేస్తారు. మనవడికి ఆ పాత దస్త్రాలు దొరుకుతాయి. తప్పుల పట్టిక చదువుతూ చదువుతూ, అది ఆ ఊళ్లో చనిపోయినవాళ్ల జాబితా అని గుర్తిస్తాడు. మిత్రుని ప్రశ్నకు నేను ఇవ్వగలిగిన జవాబు ఇంతే. ఇది సోర విశ్వాసానికి నకలు కాదు, కాకూడదు కూడా. వాళ్ల సోనుమ్‌లను తెచ్చి నా కథలో అద్దెకు పెట్టుకుంటే అది మూడో కుంచం అవుతుంది. కొలిచేవాడి వైపు నుంచి కనిపించే లోపంగా మాత్రమే దాన్ని రాయగలను.

పనిలో పనిగా భాష ఒక చిక్కు తెచ్చిపెట్టింది. ఇంగ్లీషులో రాసే రచయిత 'వుయ్' అని ఒక్క మాట వేసి ఎంతమందినైనా అందులో కలుపుకోవచ్చు, ఎవరినైనా చెప్పకుండా వదిలేయవచ్చు. తెలుగు అటువంటి దాపరికానికి ఒప్పుకోదు. ఎదుటివాణ్ని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము; ప్రతి వాక్యం దగ్గరా ఆగి తేల్చుకోవలసిందే. రెండో చిత్తుప్రతి నిండా 'మా కొండ', 'మా ఏరు' అని రాశాను. ఈసారి ఉదారంగా ఉందామని, చివరి అధ్యాయంలో మనవడు కొండ మీది ముసలమ్మతో "ఈ కొండ మనది" అనేటట్టు రాసి, ఆ మాట దగ్గర నాకే కళ్లు చెమర్చి, కాగితాలు మళ్లీ మిత్రునికి ఇచ్చాను.

గత సోమవారం తిరిగి ఇచ్చారు. గొలుసు పొడవు మారే పేజీల పక్కన చిన్న టిక్కు పెట్టారు, లెక్క సరిపోయిన జవాబుకు పెట్టినట్టే. చివరి అధ్యాయంలో ముసలమ్మ మాటల జోలికి పోలేదు. మనవడి వాక్యంలో 'మన' అన్న రెండక్షరాల కింద పెన్సిలుతో ఒక గీత ఉంది. పక్కన ఏమీ రాయలేదు. అడుగుదామని రెండుసార్లు ఆయన తరగతి గుమ్మం దాకా వెళ్లాను. లోపల పిల్లలు భిన్నాలు చేస్తున్నారు. ఆ వాక్యాన్ని ఇంకా మార్చలేదు.